ముందు వాల్వు... ఆ తర్వాతే రంధ్రం!

గుండె గోడకు పుట్టుకతో వచ్చిన రంధ్రం. దానికి తోడు చిన్ననాటి జ్వరం మిగిల్చిపోయిన వాల్వు జబ్బు. ఈ రెండూ ఒకే గుండెలో ఉంటే ఒకప్పుడు ఛాతీ కోయక తప్పేది కాదు. ఇప్పుడు తగిన రోగులకు తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం (క్యాథెటర్) పంపి రెండింటినీ సరిచేస్తున్నారు. ఈ చికిత్సలో ప్రాణం కాపాడేది పరికరం ఒక్కటే కాదు, ఏది ముందు ఏది వెనక అన్న వరస కూడా!

1916లో రెనే లూటెంబాకర్ అనే ఫ్రెంచి వైద్యుడు 61 ఏళ్ళ మహిళ గుండె గురించి ఒక పత్రం ప్రచురించాడు. ఆ గుండెలో రెండు లోపాలున్నాయి. పై రెండు గదుల మధ్య గోడకు రంధ్రం ఉంది. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు ఇరుకైపోయింది. ఆ వాల్వు అలా బిగుసుకుపోయిన ఆడవాళ్ళకు ఒక్క కాన్పే ప్రాణగండం. ఆమె మాత్రం ఏడుసార్లు గర్భం దాల్చింది. అరవై దాటింది.

ఒక లోపమే మనిషిని పడగొడుతుంటే, రెండు లోపాలతో ఆమె అంతకాలం ఎలా బతికింది? దీనికి జవాబు తెలిస్తే ఇవాళ క్యాథ్‌ల్యాబుల్లో, అంటే క్యాథెటర్ చికిత్సలు చేసే గదుల్లో, చేస్తున్న చికిత్స సగం అర్థమైనట్టే. ఈ జత లోపాలను లూటెంబాకర్ కన్నా ముందు గమనించినవాళ్ళు లేకపోలేదు. 1750లో యోహాన్ ఫ్రీడ్రిష్ మెకెల్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఒక లేఖలో దీన్ని ప్రస్తావించాడు. 1811లో కోర్విసార్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు. పేరు మాత్రం లూటెంబాకర్‌దే నిలిచింది. వైద్యులు ఇప్పటికీ దీన్ని లూటెంబాకర్ సిండ్రోమ్ అనే అంటారు.

ఆదుకునే రంధ్రం

ఊపిరితిత్తుల్లో శుద్ధి అయిన రక్తం గుండె ఎడమ పై గదికి చేరుతుంది. అక్కణ్నుంచి మైట్రల్ వాల్వు గుండా ఎడమ కింది గదిలోకి దిగి ఒళ్ళంతా ప్రసరిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఈ వాల్వు తెరుచుకున్నప్పుడు ఏర్పడే దారి 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. అది 1.5కు తగ్గితే జబ్బు తీవ్రమైనట్టు. 1కి తగ్గితే మరీ తీవ్రమైనట్టు. కిందికి దిగాల్సిన రక్తం పైనే నిలిచిపోయి, ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల మీద పడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. దగ్గితే ఒక్కోసారి రక్తపు జీర.

పై గదుల మధ్య గోడకు రంధ్రం ఉన్నవారిలో కథ మారిపోతుంది. చెరువు తూము పూడిపోయినప్పుడు పైనుంచి వస్తున్న నీరంతా అలుగు మీదుగా పొర్లిపోయి గట్టును కాపాడుతుంది. ఈ గుండెలో జరిగేదీ అదే. ఎడమ గదిలో నిలిచిపోయిన రక్తం రంధ్రం గుండా కుడి గదిలోకి మళ్ళిపోతుంది. ఊపిరితిత్తుల మీద ఒత్తిడి తగ్గుతుంది. లూటెంబాకర్ చూసిన మహిళ వంటివారు అన్నేళ్ళు నెట్టుకురావడం వెనక ఉన్న రహస్యం ఇదే. రంధ్రం పెద్దదైతే వాల్వు జబ్బు లక్షణాలు చాలాకాలం బయటపడవు. చిన్నదైతే త్వరగానే ఆయాసం మొదలవుతుంది.

ఈ ఊరటకు గుండె చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. కుడి గదులు తమ వంతు రక్తంతో పాటు దారి తప్పివచ్చిన రక్తాన్నీ మోయాలి. ఏళ్ళ తరబడి మోసి మోసి అవి సాగిపోతాయి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరుగుతుంది. గుండె లయ తప్పి గజిబిజిగా కొట్టుకోవడం మొదలవుతుంది. కాళ్ళు వాస్తాయి, కాలేయం ఉబ్బుతుంది. మరోపక్క ఎడమ కింది గదికి చేరే రక్తం తగ్గిపోవడంతో మనిషికి ఎప్పుడూ నిస్సత్తువే.

ఇక అసలు ప్రమాదం చికిత్సలోనే పొంచి ఉంది. వాల్వు ఇరుకును గుర్తించకుండా రంధ్రం ఒక్కటీ మూసేస్తే? ఎడమ గదిలో రక్తానికి ఉన్న రెండో దారి కూడా మూసుకుపోతుంది. ఆ ఒత్తిడంతా ఒక్కసారిగా ఊపిరితిత్తుల మీద పడి, వాటిలో నీరు నిండి, ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఈ జబ్బు విషయంలో గుండె వైద్యులు తప్పని నియమం ఒకటుంది: ముందు వాల్వు తెరవాలి, ఆ తర్వాతే రంధ్రం మూయాలి.

పరీక్షలనూ తికమకపెట్టే జత

వాల్వు ఇరుకును గుర్తించడం ఎకో పరీక్షతో తేలికే అనిపిస్తుంది. రంధ్రం తోడున్నప్పుడు మాత్రం అంత తేలిక కాదు. మామూలుగా వాల్వుకు పైన, కింద ఉన్న పీడనాల తేడాను బట్టి, ఆ తేడా ఎంతసేపట్లో తగ్గుతోందన్నదాన్ని బట్టి వాల్వు ఎంత బిగుసుకుందో లెక్కగడతారు. ఇక్కడ రక్తం పక్కదారిలో జారిపోతోంది కాబట్టి ఆ అంకెలు నమ్మదగినవి కావు. తీవ్రమైన జబ్బు కూడా మామూలు జబ్బులా కనిపించవచ్చు. అందుకని అనుభవమున్న వైద్యులు ఎకో తెర మీద వాల్వు నోటి అంచును గీసి, ఆ దారి వైశాల్యాన్ని నేరుగా కొలుస్తారు. గొంతులోంచి అన్నవాహికలోకి గొట్టం పంపి చేసే ఎకోతో రంధ్రం చుట్టూ గోడ అంచు ఎంత మిగిలి ఉందో, ఎడమ పై గదిలో రక్తం గడ్డలేమైనా ఉన్నాయో చూస్తారు. చికిత్స క్యాథెటర్‌తో సాధ్యమా, ఆపరేషన్ కావాలా అన్నది చాలామటుకు ఈ పరీక్షలోనే తేలిపోతుంది.

రెండు దారులు కలిసిన చోటు

గుండెలోకి గొట్టం పంపవచ్చన్న ధైర్యం 1929లో మొదలైంది. జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి రక్తనాళంలోంచే గుండె దాకా గొట్టం పంపించుకుని, నడుచుకుంటూ వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ పనికి మొదట చీవాట్లు, 1956లో నోబెల్ బహుమతి దక్కాయి. గుండె గదుల మధ్య గోడ మీద క్యాథెటర్‌తో చేసిన మొదటి చికిత్స రంధ్రం మూయడం కాదు, పెద్దది చేయడం! రక్తనాళాలు తారుమారుగా పుట్టిన పసికందులకు మంచి రక్తం, చెడు రక్తం కలిసే దారి ఉంటేనే ప్రాణం నిలుస్తుంది. వారికోసం 1966లో అమెరికా వైద్యుడు విలియం రాష్‌కిండ్ బెలూన్‌తో ఆ దారిని వెడల్పు చేశాడు. గోడలోని రంధ్రం కొన్నిసార్లు రోగిని కాపాడుతుందన్న సంగతి వైద్యులకు అప్పటికే తెలుసు.

రంధ్రాన్ని ఛాతీ తెరిచి కుట్టడం 1952లో అమెరికాలోని మినియాపొలిస్‌లో సాధ్యమైంది. ఛాతీ తెరవకుండా క్యాథెటర్‌తో మూయడం 1975లో టెరీ కింగ్, నోయెల్ మిల్స్ చేసి చూపించారు. వారు వాడిన పరికరం పెద్దది, మోటుది కావడంతో ఆ పద్ధతి అప్పట్లో వ్యాపించలేదు. ఆస్ట్రియాలో పుట్టి మినెసోటాలో పనిచేసిన రేడియాలజిస్టు కర్ట్ ఆంప్లాట్జ్ 1990లలో దారి సుగమం చేశాడు. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగతో ఆయన అల్లిన పరికరం సన్నని గొట్టంలో ఇమిడిపోతుంది, బయటికి రాగానే తన అసలు రూపం తెచ్చుకుంటుంది. అమెరికా ప్రభుత్వం 2001 డిసెంబరులో దానికి అనుమతి ఇచ్చింది.

వాల్వుది మరో దారి. జపాన్ గుండె శస్త్రవైద్యుడు కాంజి ఇనూయే 1982లో తాను రూపొందించిన బెలూన్‌తో మైట్రల్ వాల్వును తెరిచాడు. కత్తి పట్టే వైద్యుడే కత్తి అక్కర్లేని పద్ధతిని కనిపెట్టడం విశేషం. వాల్వు జబ్బులు ఎక్కువగా ఉన్న మన దేశానికి ఆ బెలూన్ పెద్ద వరమైంది.

ఈ రెండు దారులూ లూటెంబాకర్ రోగుల దగ్గర కలిశాయి. క్యాథెటర్‌తోనే వాల్వు తెరిచి, రంధ్రం మూసిన కేసును 1992లో కార్లోస్ రూయిజ్ బృందం ప్రచురించింది. 1999లో మన వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు కూడా ఈ రెండు పనులనూ క్యాథెటర్‌తో పూర్తిచేసిన తమ అనుభవాన్ని అంతర్జాతీయ పత్రికలో వెల్లడించారు.

క్యాథ్‌ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

రోగి తొడ మొదట్లో ఉండే సిరలోకి సన్నని గొట్టం పంపుతారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఎక్స్‌రే తెర మీద, ఎకో తెర మీద చూసుకుంటూ గొట్టాన్ని గుండె కుడి పై గదికి చేరుస్తారు. మామూలు వాల్వు రోగులకైతే అక్కడ గోడకు సూదితో చిన్న దారి చేసి ఎడమ గదిలోకి వెళ్ళాలి. ఈ రోగుల్లో ఆ దారి ముందే ఉంది. అంటే పని తేలికైందనుకోవద్దు. మామూలుగా గోడ గొట్టాన్ని బిగించి పట్టుకోవడం వల్లే వైద్యుడు దాన్ని వాల్వు వైపు కచ్చితంగా తిప్పగలుగుతాడు. పెద్ద రంధ్రంలో ఆ పట్టు ఉండదు. బెలూన్ అటూ ఇటూ జారిపోతుంది. అందుకే చాలామంది వైద్యులు ముందుగా వాల్వు దాటించి ఎడమ కింది గదిలో ఒక గట్టి తీగను ఉంచి, దాని మీదుగా బెలూన్‌ను నడిపిస్తారు.

ఇనూయే బెలూన్ ఒక్కసారిగా ఉబ్బదు. మొదట ముందు భాగం ఉబ్బి వాల్వు కింద నిలదొక్కుకుంటుంది. తర్వాత వెనక భాగం ఉబ్బుతుంది. వాల్వు సరిగ్గా నడుమ ఇరుక్కున్నాక చివరగా ఆ నడుము విచ్చుకుని, అతుక్కుపోయిన రేకుల అంచులను విడదీస్తుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. వెంటనే బెలూన్‌ను ముడుచుకునేలా చేస్తారు.

ఇక్కడ వైద్యులు ఆగి చూస్తారు. దారి ఎంత తెరుచుకుంది? రేకు చిరిగి రక్తం వెనక్కి కారుతోందా? కారుతున్నా అది కొద్దిపాటేనా? వాల్వు బాగా తెరుచుకుని, లీకు పెద్దగా లేదని తేలితేనే రెండో పని మొదలవుతుంది. లీకు తీవ్రమైతే ఆపరేషన్ చేసి వాల్వు మార్చాల్సి రావచ్చు, అప్పుడే రంధ్రాన్నీ కుట్టేస్తారు. కాబట్టి వరస తప్పకూడదన్న నియమం ఊపిరితిత్తుల కోసమే కాదు, ఈ తీర్పు చెప్పుకునే వ్యవధి కోసం కూడా.

రెండో దశలో రంధ్రం కొలత చూసి తగిన పరికరాన్ని ఎంచుకుంటారు. అందులో తీగతో అల్లిన రెండు బిళ్ళలు, వాటిని కలుపుతూ ఒక నడుము ఉంటాయి. గొట్టం కొసను ఎడమ గదిలోకి తీసుకెళ్ళి మొదటి బిళ్ళను విప్పుతారు. దాన్ని గోడకు ఆనేదాకా వెనక్కి లాగి, నడుమును రంధ్రంలో కుదిర్చి, రెండో బిళ్ళను కుడి గదిలో విప్పుతారు. గోడ రెండు బిళ్ళల మధ్య బిగుసుకుంటుంది. పరికరం అంచు మైట్రల్ వాల్వుకు తగలడం లేదని చూసుకుని, మెల్లగా లాగి పట్టు పరీక్షించాక తీగ మర విప్పేస్తారు. ఆ క్షణం దాకా పరికరాన్ని వెనక్కి తీసుకునే వీలుంది. కొన్ని నెలల్లో గుండె లోపలి పొర దాని మీద పెరిగి కప్పేస్తుంది.

అందరికీ కుదరదు

పై గదుల మధ్య గోడకు వచ్చే రంధ్రాలన్నీ ఒకటి కావు. గోడ నడిమి భాగంలో వచ్చే సెకండమ్ రకానికే ఈ పరికరం నప్పుతుంది. చుట్టూ దాదాపు 5 మిల్లీమీటర్ల అంచయినా మిగిలి ఉండాలి. రంధ్రం మరీ పెద్దదైనా, గోడ కింది అంచునో సిరలు కలిసే చోటనో ఉన్నా ఆపరేషనే దారి. వాల్వు రేకులు మెత్తగా కదులుతున్నాయా, దళసరెక్కాయా, సున్నం పేరుకుందా, కింది దారాలు కుంచించుకుపోయాయా అన్న నాలుగు అంశాలకు మార్కులు వేసే విల్కిన్స్ పద్ధతి ఉంది. మొత్తం 16. స్కోరు 8 లోపు ఉంటే బెలూన్‌కు అనువైన వాల్వు. వాల్వు ముందే బాగా లీకవుతున్నా, ఎడమ గదిలో గడ్డ ఉన్నా బెలూన్ వేయరు. ఊపిరితిత్తుల రక్తనాళాలు తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతింటే రంధ్రం మూయడమే ప్రమాదం.

ఒక నిజం రోగికి ముందే చెప్పాలి. బెలూన్‌తో తెరిచిన వాల్వు కొన్నేళ్ళకు మళ్ళీ బిగుసుకోవచ్చు. అప్పటికి గోడ మీద పరికరం కూర్చుని ఉంటుంది కనుక రెండోసారి బెలూన్ పంపడం కష్టమవుతుంది. వయసు, వాల్వు స్థితి, మళ్ళీ బిగుసుకునే అవకాశం చూసుకుని ఈ నిర్ణయం తీసుకోవాలి. ఛాతీ మీద గాటు ఉండదన్న ఒక్క కారణంతో క్యాథెటర్ వైపు మొగ్గడం తెలివైన ఎంపిక కాదు.

మరికొన్ని జతలూ ఉన్నాయి. పై గదుల రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకు వెళ్ళే పల్మనరీ వాల్వు ఇరుకుగా పుట్టే పిల్లలుంటారు. ఆ వాల్వును బెలూన్‌తో తెరిచే పద్ధతిని 1982లో జీన్ కాన్ బృందం వెల్లడించింది. అక్కడా ముందు వాల్వు, తర్వాత రంధ్రం. కింది గదుల మధ్య రంధ్రం వల్ల అయోర్టిక్ వాల్వు రేకు జారి లీకవుతున్న పిల్లలకు మాత్రం సాధారణంగా శస్త్రచికిత్సే మేలు.

సగం జబ్బు మన చేతుల్లో

వాల్వు ఇరుకు కూడా పుట్టుకతోనే వచ్చిందని లూటెంబాకర్ అనుకున్నాడు. తర్వాతి పరిశోధనలు ఎక్కువమందిలో అది రుమాటిక్ జ్వరం వల్ల వచ్చేదేనని తేల్చాయి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. దానికి సరైన మందు పడకపోతే, రెండు మూడు వారాల తర్వాత కొందరిలో జ్వరం, ఒక కీలు నుంచి మరో కీలుకు మారే నొప్పులు, వాపులు మొదలవుతాయి. సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి గుండె వాల్వుల మీద కూడా దాడి చేస్తుంది. 5 నుంచి 15 ఏళ్ళ మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ. ఇరుకు ఇళ్ళు, కిక్కిరిసిన గదులు, అందని వైద్యం దీనికి ఊతమిస్తాయి. పెన్సిలిన్‌తో పాటు ఇళ్ళూ బడులూ మెరుగైన దేశాల్లో ఈ జబ్బు దాదాపు కనుమరుగైంది.

మన దేశంలో ఇది ఎంత త్వరగా ముదురుతుందో 1963లోనే ప్రపంచానికి తెలిసింది. పాశ్చాత్య దేశాల్లో నడివయసులో కనిపించే మైట్రల్ ఇరుకు ఇక్కడ ఇరవై నిండని వాళ్ళలోనే తీవ్రంగా ఉంటోందని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు సుజయ్ రాయ్ బృందం లాన్సెట్ పత్రికలో రాసింది. ఆ పత్రం రాసినవారిలో శ్రీకాకుళంలో పుట్టిన మన వులిమిరి రామలింగస్వామి ఒకరు. తర్వాత ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేసిన మహనీయుడాయన. ఆ హెచ్చరిక వచ్చి అరవై ఏళ్ళు దాటినా పెళ్ళయిన కొత్తలో, తొలి కాన్పులో ఆయాసంతో ఆసుపత్రికి వచ్చి గుండె జబ్బు బయటపడుతున్న ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. గర్భంలో రక్త పరిమాణం సగం దాకా పెరుగుతుంది. అప్పటిదాకా నెట్టుకొచ్చిన వాల్వు ఆ భారం మోయలేదు.

రంధ్రం పుట్టుకతో వచ్చింది, దాన్ని మనం ఆపలేం. వాల్వు జబ్బు అలా కాదు. దాన్ని ఆపే మందు పెన్సిలిన్. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయాలి. పెద్దలకు మోతాదు 12 లక్షల యూనిట్లు. వాల్వు దెబ్బతిన్నవారికి కనీసం పదేళ్ళు లేదా 40 ఏళ్ళ వయసు వచ్చేదాకా, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు ఇవ్వాలి. ఇంజెక్షన్ నొప్పికి భయపడి, రియాక్షన్ వస్తుందేమోనని వెనకాడి, బాగానే ఉన్నాం కదా అని మధ్యలో మానేసేవారు ఎందరో. మానేసిన ప్రతిసారీ మళ్ళీ జ్వరం, వాల్వుకు మరో దెబ్బ. వాల్వు జబ్బు బాగా ముదిరినవారికి ఇంజెక్షన్ మేలా, మాత్రలు మేలా అన్నది గుండె వైద్యులే చెప్పాలి.

బెలూన్ వేసి, రంధ్రం మూశాక జబ్బు పోయిందనుకోవడం మరో పొరపాటు. పెన్సిలిన్ కొనసాగాలి. పరికరం పెట్టినవారు కొన్ని నెలలు రక్తం పలచబరిచే మాత్రలు వాడాలి. మొదటి ఆరు నెలల్లో పన్ను తీయించుకోవాల్సి వస్తే ముందు యాంటిబయాటిక్ ఇవ్వాలి కాబట్టి పంటి డాక్టరుకు పరికరం సంగతి చెప్పాలి. రుమాటిక్ గుండె జబ్బుతో లయ తప్పినవారికి పాత తరం రక్తం పలచబరిచే మందులే మేలని 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనం చూపింది. వాటిని వాడేవారు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి.

ఎప్పుడు అనుమానించాలి?

• తోటి పిల్లలతో సమానంగా పరుగెత్తలేకపోవడం, తరచూ ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు రావడం
• గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, చోటు మారే కీళ్ళ నొప్పులు
• మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, రాత్రిళ్ళు ఊపిరాడక లేచి కూర్చోవడం
• గర్భిణుల్లో మామూలుకు మించిన ఆయాసం, కాళ్ళవాపు

వీటిలో ఏది కనిపించినా ఒకసారి ఎకో చేయించాలి. బడి పిల్లలకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చేసే పరీక్షల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, రుమాటిక్ గుండె జబ్బు రెండూ ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు గుండె చికిత్సల తలుపు తెరిచింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స పథకం కిందికి వస్తుందో ఆసుపత్రిలోని పథకం సహాయకులను అడిగి తెలుసుకోవచ్చు.

ముందు వాల్వు, తర్వాత రంధ్రం... ఇది క్యాథ్‌ల్యాబ్‌లో వైద్యులు పాటించే వరస. ఇంట్లో మనం పాటించాల్సిన వరసలో మొదటిది గొంతునొప్పి. పిల్లలకు జ్వరంతో కూడిన గొంతునొప్పి వస్తే డాక్టరుకు చూపించండి, రాసిన మందు పూర్తిగా వాడించండి. మీ ఇంట్లో ఎవరికైనా మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ రాసి ఉంటే, వేయించాల్సిన తేదీ దాటిపోయిందేమో ఇవాళే చూసుకోండి.